గొణుగు అనే మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

రాతప్రతులు దిద్దే పనిలో నాకు పదేపదే అడ్డం పడే మాటల్లో గొణుగు ఒకటి. కథలో ఎవరైనా గట్టిగా మాట్లాడకపోతే చాలు, గొణిగాడనో సణిగాడనో నసిగాడనో ఏదో ఒకటి వేసేస్తారు. అడిగితే మూడూ ఒకటే కదా అంటారు. కావు. ఆ తేడా చెబుదామని రాయడం మొదలుపెడితే మాట పుట్టుక, రాత, పక్క భాషల చుట్టరికాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి.

గొణుగు అంటే సరిగ్గా ఏమిటి?

నోరు సరిగా తెరవకుండా, మాట మాటకీ మధ్య విడుపు తెలియకుండా, లోగొంతుకతో మాట్లాడడం. మాట్లాడినవాడికి తానేమన్నాడో తెలుసు. విన్నవాడికి మాత్రం చప్పుడు చేరుతుంది, మాట చేరదు. "ఏదో గొణిగాడు" అనే వాక్యం మనకు అంత అలవోకగా రావడానికి కారణం ఇదే. ఆ "ఏదో" విన్నవాడిది.

ఇందులో రెండు సంగతులు కలిసి ఉండాలి: గొంతు తగ్గాలి, స్పష్టతా తగ్గాలి. గొంతు తగ్గినా మాట తేటగా ఉంటే అది మెల్లగా చెప్పడమే. గొంతు పెద్దదై మాట తెలియకపోతే ముద్దగా మాట్లాడుతున్నాడంటాం. రెండూ కుదిరినప్పుడే గొణుగు. దీని నామవాచకం గొణుగుడు: "ఏమిటా గొణుగుడు? గట్టిగా చెప్పు."

గొణుగు, సణుగు, నసుగు ఒకటే కాదా?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

గొణుగు ధ్వనికి సంబంధించిన మాట. ఎందుకు గొణిగాడన్నది ఆ మాటలో లేదు. సిగ్గుతో గొణగవచ్చు, నిద్రమత్తులో గొణగవచ్చు, లెక్క వేసుకుంటూ గొణగవచ్చు, కోపంతోనూ గొణగవచ్చు. కారణం కావాలంటే పక్కన ఇంకో మాట వేసుకోవాలి.

సణుగు మనసుకు సంబంధించిన మాట. అసంతృప్తి లేకుండా సణుగుడు లేదు. ఒకసారి అని ఊరుకుంటే సణగడం అనం. అదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ రావాలి. స్పష్టత దీనికి అవసరం లేదు. అక్షరం అక్షరం వినపడేలా గంటసేపు సణిగేవాళ్లు ఉంటారు. వ్యాకరణం కూడా ఈ తేడాను పట్టిస్తుంది. సణుగుకు "మీద" ఇట్టే అతుకుతుంది. తెలుగు బైబిల్‌లో నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు అరణ్యంలో మోషే అహరోనుల మీద సణుగుతారు. అక్కడ వాళ్ల మాట వినపడకపోవడమేమీ లేదు, తిండి లేదన్న ఫిర్యాదు సూటిగానే ఉంది. ఆ చోట గొణుగు వేసి చూడండి, అర్థం సగం జారిపోతుంది. "అతని మీద గొణిగాడు" అంటే చెవికి ఏదో వెలితిగా తోస్తుంది, ఎందుకంటే గొణుగుడికి గురి అక్కర్లేదు. సణుగుడికి గురి ఉండాలి, మనిషో పరిస్థితో.

నసుగు వేరే దారి. ఇక్కడ కష్టం గొంతులోనూ లేదు, మనసులో ఫిర్యాదూ లేదు. సూటిగా చెప్పడానికి ఇష్టం లేదు, లేదా ధైర్యం చాలలేదు. "డబ్బు ఎప్పుడిస్తావంటే నసిగాడు" అంటే ఔననీ కాదనీ చెప్పకుండా సాగదీశాడని. ఒక ప్రశ్న ముందు ఉంటేనే నసుగు బాగా నప్పుతుంది. ఒంటరిగా కూర్చున్న మనిషి గొణుగుతాడు, సణుగుతాడు కూడా. నసగడం మాత్రం కుదరదు, ఎదుట అడిగేవాడు ఉండాలి.

ఒకే సంఘటన మూడు రకాలుగా రాసి చూడండి. "వెళ్లనని గొణిగాడు": వెళ్లనన్నాడు, సరిగా వినపడలేదు. "వెళ్లాల్సి వచ్చిందని సణిగాడు": వెళ్లాడు, ఏడుస్తూ వెళ్లాడు. "వెళతావా అంటే నసిగాడు": వెళతాడో లేదో ఇంకా తెలియదు. కథలో ఈ మూడూ మూడు వేర్వేరు మలుపులు. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి పడితే నేను ఊరుకోలేను.

మరి నీళ్లు నమలడం?

నసుగుకు దగ్గరి జాతీయం. కాకపోతే నసిగేవాడు ఏదో ఒకటి అంటూ ఉంటాడు, నీళ్లు నమిలేవాడి నోట అసలు మాటే రాకపోవచ్చు. తప్పు బయటపడినప్పుడు, సమాధానం దొరకనప్పుడు వాడతాం. నీళ్లను నమలడానికి ఏమీ ఉండదు, అయినా దవడ ఆడుతూ ఉంటుంది. చెప్పడానికి ఏమీ లేనివాడి నోటిని ఇంతకంటే బాగా చూపించిన జాతీయం నాకు కనపడలేదు.

గుసగుస, మూలుగు, కలవరింత ఈ కోవలోకి వస్తాయా?

పక్కింటివే. గుసగుసలో గొంతు మోగదు, గాలి మాత్రమే వస్తుంది. గొంతు మీద వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది: గొణిగేటప్పుడు అదురు తగులుతుంది, గుసగుసలాడేటప్పుడు తగలదు. పైగా గుసగుస ఒకరి చెవిలో పడడానికే పుట్టింది, ఆ చెవికి అది స్పష్టంగానే అందుతుంది. మూలుగు బాధ చేసే చప్పుడు, దానిలో మాట ఉండనక్కర్లేదు. కలవరింత నిద్రలో వచ్చే మాట. కలవరించేవాడు గొణగవచ్చు, కేకలూ పెట్టవచ్చు.

గొణుగు ఎక్కడి నుంచి వచ్చింది?

అచ్చ తెలుగు మాట. సంస్కృతం నుంచి రాలేదు. దీనికి దగ్గరి బంధువు కన్నడంలో ఉంది: గొణగు. అక్కడా గొణగడమనే అర్థమే, దానితోపాటు సణుగుడు ఛాయ కూడా గట్టిగా ఉంది. అంటే మనం రెండు మాటలకు పంచిన పనిని కన్నడిగులు చాలాచోట్ల ఈ ఒక్క మాటతో చేసుకుంటారు.

మాట చివరనున్న "గు" చూడండి. అడుగు, కడుగు, తిరుగు, మునుగు, వెలుగు, మూలుగు, సణుగు, నసుగు, అన్నిటికీ అదే తోక. ద్రావిడ భాషల్లో ధాతువు, అంటే క్రియ మూలరూపం, మీద చేరే ఇలాంటి ప్రత్యయాల గురించి భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తెలుగు ధాతువుల పరిశోధనలో వివరంగా చర్చించారు. ఇవి ఒకప్పుడు వ్యాకరణపు పని చేసి, ఆ పని తప్పిపోయాక ధాతువులో కలిసిపోయాయన్నది ఆయన వాదం. మునుగు, ముంచు అనే జంటలో ఆ పాత పనికి ఆనవాలు ఇంకా మిగిలే ఉంది: తానుగా జరిగితే ఒకటి, ఇంకొకరు చేస్తే ఇంకొకటి.

ఆ "గు" తీసేస్తే మిగిలేది గొణ. గొణగొణ అని రెండుసార్లు అనండి. మాట పుట్టుక అక్కడే వినిపిస్తుంది. ఇది ధ్వన్యనుకరణ, అంటే చప్పుడును పోల్చి చేసుకున్న మాట. తమిళంలో ముణుముణు, మలయాళంలో పిఱుపిఱు, ముఱుముఱు ఇలాగే జంటగా పుట్టి క్రియలయ్యాయి.

హిందీలో గున్‌గునానా ఉంది కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉందా?

అర్థం చూస్తే దూరం: గున్‌గునానా అంటే కూనిరాగం తీయడం. వినడానికి మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇక్కడే ధ్వన్యనుకరణ మాటల అసలు చిక్కు ఉంది. మామూలు మాటలైతే ఒక భాషలోని ధ్వని ఇంకో భాషలో ఫలానాగా మారుతుందని సూత్రం పెట్టి చుట్టరికం తేల్చవచ్చు. చప్పుడును పోల్చే మాటలు ఆ సూత్రాలకు లొంగవు. ఎవరికి వారు సొంతంగా చేసుకోగలరు, పక్కవాళ్ల దగ్గర విని తీసుకోగలరు కూడా. ఎమెనో అనే భాషావేత్త 1969లో దీని గురించే ఒక వ్యాసం రాశారు. ద్రావిడ, ఆర్య భాషలు పక్కపక్కనే బతికి, ఇలాంటి జంట మాటలు కట్టే అలవాటును కూడా పంచుకున్నాయని అందులో చూపించారు.

ధ్వని పోలిక ఒక్కటే చూసి చుట్టరికం కలిపేయకూడదనడానికి మన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. గునగున అనే జంట మాట తెలుగులోనూ ఉంది. పసిపిల్లలు చిన్న చిన్న అడుగులతో నడిచివస్తే గునగున వచ్చారంటాం. అందులో గొణుగుడు ఏమీ లేదు.

ఈ శబ్దాలే ఎందుకు?

అద్దం ముందు నిలబడి "గొణుగు" అనండి. ఒ, ఉ, ఉ. మూడు అచ్చులకూ పెదవులు గుండ్రంగా ముడుచుకునే ఉంటాయి, ఒక్కసారి కూడా ఆ అన్నంత నోరు తెరుచుకోదు. నడుమ ణ దగ్గర గాలి ముక్కులోంచి పోతుంది. నోరు మూసుకుని మాట్లాడే మనిషి చేసే పనే ఆ మాట పలికేటప్పుడు మన నోరూ చేస్తుంది.

తర్వాత "సణుగు" అనండి. స బుసకొడుతూ మొదలవుతుంది, అ దగ్గర నోరు తెరుచుకుంటుంది. చెవికి గుచ్చుకునే మాట. ధ్వనికీ అర్థానికీ ఎప్పుడూ ఇంత పొందిక ఉండదు, ఉండాలని నియమమూ లేదు. ఈ రెండు మాటల విషయంలో మాత్రం ఉంది, నాకు అది ఎన్నిసార్లు అనుకున్నా తీపిగానే ఉంటుంది.

గొణగడమా, గొణుగడమా? గొణిగాడా, గొణుగాడా?

గొణగడం, గొణిగాడు. నడిమి అచ్చు వెనక వచ్చే అచ్చును బట్టి మారుతుంది: గొణుగుతాడు, గొణిగి, గొణిగాడు, గొణగక, గొణగడం. ఎప్పుడైనా సందేహం వస్తే అడుగు అనే మాటను పక్కన పెట్టుకోండి. అడుగుతాడు, అడిగి, అడిగాడు, అడగక, అడగడం. సణుగు, నసుగు, కడుగు, తిరుగు అన్నీ ఇదే దారిలో నడుస్తాయి. అడుగాడు అని ఎవరూ రాయరు, కాబట్టి గొణుగాడు అనీ రాయకూడదు. గ్రాంథికంలో గొణుగుట అని ఉ నిలిచే ఉంటుంది, అది వేరే సంగతి.

గొనుగు, సనుగు అని రాయవచ్చా?

చాలామంది నోట ణ ఇప్పుడు న లాగే పలుకుతోంది, అందుకని రాతలోనూ జారుతోంది. రాతలో ణ ఉంచమనే నా సలహా. ముక్కులోంచి పోయే ఆ బరువైన ధ్వనే ఈ మాటలకు ప్రాణం. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులో వెతికేవాళ్లు కూడా ణ తోనే వెతకాలి.

గొణుగు, గొణుక్కొను: తేడా ఏమిటి?

"కొను" చేరితే పని తనవైపు తిరుగుతుంది. కడుగు నుంచి కడుక్కొను ఎలా వచ్చిందో గొణుగు నుంచి గొణుక్కొను అలాగే వచ్చింది. గొణుక్కునేవాడికి ఎదుటివాడితో పని లేదు, తనకు తానే చెప్పుకుంటున్నాడు.

ఇక్కడ ఒక చిన్న విశేషం. "నేను గొణిగాను" అని మనం ఎంత అరుదుగా అంటామో గమనించారా? "నాలో నేను గొణుక్కున్నాను" మాత్రం హాయిగా అంటాం. మొదటిది విన్నవాడి ఫిర్యాదు, నా మాట నీకు తెలియలేదని నువ్వు చెప్పాలి, నేను కాదు. రెండోదాంట్లో వినేవాడూ నేనే, కాబట్టి ఆ మాట నా నోట నప్పుతుంది. గొణుగు పుట్టింది వినేవాడి చెవిలో అని మొదట చెప్పానే, దానికి ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

సంస్కృతంలో దీనికి సమానమైన మాట ఉందా?

ఒక్క మాట కాదు, ఒక పెద్ద వర్గమే ఉంది. పాణిని వ్యాకరణ సంప్రదాయంలోని ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో మాట్లాడడానికి సంబంధించిన ధాతువులను వ్యక్తం, అవ్యక్తం అని విడదీసి చెబుతారు. "వద వ్యక్తాయాం వాచి": వద్ అంటే స్పష్టమైన వాక్కు. "కూజ అవ్యక్తే శబ్దే": కూజ్ అంటే అస్పష్టమైన శబ్దం. పక్షుల కూజితం దీనిలోంచి వచ్చింది. "ణద అవ్యక్తే శబ్దే" (వాడుకలో ఇది నద్): నాదం, నది ఇందులోవి. పక్షీ నదీ అక్షరాలుగా విడదీయలేని చప్పుడు చేస్తాయి కాబట్టి ఒక గూటికి చేరాయి.

అదే గూటిలో ఇంకో ధాతువు ఉంది, అది చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. "మ్లేచ్ఛ అవ్యక్తే శబ్దే." మ్లేచ్ఛుడు అంటే మొదట అస్పష్టంగా మాట్లాడేవాడు. వాళ్ల మాట వాళ్లకు స్పష్టంగానే ఉంది, తెలియనిది వినేవాళ్లకు. అయినా లోపం మాట్లాడినవాళ్ల మీద పడింది, తర్వాత అదే ఒక తిట్టుగా స్థిరపడింది. పాణిని వ్యాకరణం మీద రాసిన మహాభాష్యం మొదట్లో పతంజలి చెప్పే కథ ఒకటుంది: అసురులు "హే అరయః" (ఓ శత్రువులారా) అనవలసిన చోట "హేలయః" అని పలికి ఓడిపోయారట. ర పోయి ల వచ్చింది, అంతే. అపశబ్దమే మ్లేచ్ఛం అంటారు ఆయన. గ్రీకులు కూడా తమకు అర్థంకాని భాషలవాళ్లను బర్‌బర్ అనే చప్పుడుతో పోల్చి బార్బరోస్ అన్నారు. సంస్కృతంలోని బర్బర శబ్దమూ ఆ రీతిదే.

అస్పష్టతకు గౌరవం దక్కిన చోటు కూడా సంస్కృతంలోనే ఉంది. జపం మూడు రకాలు: పైకి వినపడేలా చేసేది వాచికం, పెదవులు కదులుతూ పక్కవాడికి వినపడకుండా చేసేది ఉపాంశువు, మనసులోనే చేసేది మానసం. మనుస్మృతి రెండో అధ్యాయంలో విధియజ్ఞం, అంటే శాస్త్రం విధించిన యజ్ఞం, కంటే జపం పదింతలు, ఉపాంశువు నూరింతలు, మానసం వెయ్యింతలు మేలు అన్నారు. బయటినుంచి చూసేవాడికి ఉపాంశువు గొణుగుడులాగే ఉంటుంది. పెదవుల కదలిక ఒకటే, దానికి పెట్టిన పేరు వేరు.

తెలుగులో బాగా కలిసిపోయిన గద్గదం కూడా చప్పుడును పోల్చిన మాటే. దుఃఖంతోనో ఆనందంతోనో గొంతు పూడుకుపోయి మాట తెగితే గద్గద స్వరం. దాన్ని గొణుగుడు అనడం అన్యాయం.

ఇంగ్లీషు మంబుల్‌కి మన మాటతో ఏమైనా సంబంధం ఉందా?

మంబుల్ అన్నా గొణగడమే. చుట్టరికం పుట్టుకలో లేదు, పుట్టిన పద్ధతిలో ఉంది. మూసిన పెదవుల వెనక వినపడే మమ్ అనే చప్పుడులోంచి అది వచ్చింది. పాత రూపం మోమెలెన్. నడిమి బ తర్వాత చేరింది, థింబుల్‌లో (కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు) చేరినట్టే. లోగొంతుక చప్పుడుకు ఇంగ్లీషులో వాడే మర్మర్ అనేది లాటిన్ నుంచి వచ్చింది. సంస్కృతంలో మర్మరం అంటే ఎండుటాకుల గలగల. అక్కడా ఇక్కడా మ ర కలిసి అదే పని చేశాయి.

మంబుల్‌కి ఇంకో పాత అర్థం ఉంది: పళ్లు లేని చిగుళ్లతో మెల్లగా నమలడం. ఇది తెలిసిన రోజున నాకు నీళ్లు నమలడమే గుర్తుకొచ్చింది. మనం మాటలు మింగేస్తాం, మాట నోట్లోనే ఉండిపోయిందంటాం, రహస్యం దాచలేనివాడి నోట్లో నువ్వుగింజ నానదంటాం. తిండికీ మాటకీ నోరు ఒకటే కావడం ఏ భాషనూ ఊరికే పోనివ్వలేదు.

మాట ముద్దగా వచ్చేవాళ్లను గొణుగుతున్నారనవచ్చా?

వద్దు. నత్తి వేరు, అది మాట ఆగి ఆగి రావడం. పక్షవాతంలోనో నరాల జబ్బులోనో నాలుక పెదవులు సరిగా కదలక మాట ముద్దగా రావడం ఇంకా వేరు. గొణుగు అనడంలో "కావాలంటే గట్టిగా చెప్పగలవు" అన్న నింద లోపల ఉంటుంది, చేతకాని స్థితిలో ఉన్న మనిషికి ఆ మాట తగదు. ఇంకొకటి కూడా చెప్పాలి: బాగా మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా అది పక్షవాతం కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కథలో, నాటకంలో గొణుగుడు ఎలా రాయాలి?

ముందు నిర్ణయించుకోవలసింది, పాఠకుడికి ఆ మాట వినపడాలా వద్దా అన్నది. వినపడనక్కర్లేకపోతే "ఏదో గొణిగాడు" చాలు. వినపడాలంటే మాట రాసి "అని గొణిగాడు" అనండి, కానీ అప్పుడు పక్కనున్న పాత్ర దాన్ని వినలేదన్నది గుర్తుంచుకోండి. పైన గొణిగిన మాటకు కింది వాక్యంలో ఎదుటివాడు చక్కగా జవాబు చెప్పే కథలు నేను చాలా దిద్దాను. విన్నాడంటే అది గొణుగుడు కాదు.

నాటకంలో ఈ చిక్కును సంస్కృత నాటకకర్తలు ముందే తీర్చుకున్నారు. పాత్ర తనలో అనుకునేది స్వగతం. రంగం మీద మిగతావాళ్లకు వినపడనట్టు ఒకరితో మాట్లాడితే జనాంతికం, దానికి చేతితో త్రిపతాకం అనే ముద్ర పడతారు. రెండూ ప్రేక్షకుడికి స్పష్టంగా వినపడవలసిందే. స్వగతాన్ని నిజంగా గొణిగే నటుడు పొరబడుతున్నాడు.

గొణుగుకు వ్యతిరేక పదం ఏమిటి?

ఒక్క క్రియ లేదు, మూడు మాటలకూ మూడు విరుగుళ్లు ఉన్నాయి. గొణిగేవాణ్ణి "గట్టిగా చెప్పు, తేటగా చెప్పు" అంటాం, ఎందుకంటే కొరత ధ్వనిలో ఉంది. నసిగేవాణ్ణి గట్టిగా చెప్పమంటే గట్టిగా నసుగుతాడు. అతనికి కావలసింది కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం. ఇక సణిగేవాడు గట్టిగానూ చెబుతున్నాడు, సూటిగానూ చెబుతున్నాడు. అతని మాటకు వ్యతిరేకం మాటల్లో దొరకదు, అతను దేని మీద సణుగుతున్నాడో ఆ పని సరిచేయాలి.